ఫొటో ఉంది, దొరకదు: 40 వేల బొమ్మల్ని సాఫ్ట్‌వేర్ ఎలా గుర్తుపెట్టుకుంటుంది?

ఒడిశాలోని బరంపురంలో మా దొడ్డమ్మ పోయినప్పుడు పెద్దకర్మ నాటికి ఒక మంచి ఫొటో కావలసివచ్చింది. ఇంట్లో ఫొటోలు లేక కాదు. పెద్దన్నయ్య కంప్యూటర్లో, వాళ్ల పిల్లల ఫోన్లలో, ఒక ఎర్ర హార్డ్ డిస్కులో కలిపి 40 వేల పైచిలుకు ఉన్నాయి. పట్టుచీర కట్టుకుని మగ్గం పక్కన నవ్వుతూ కూర్చున్న ఫొటో ఒకటి ఉందని అందరికీ గుర్తే. ఎవరు తీశారో, ఏ ఏడు తీశారో ఎవరికీ గుర్తు లేదు. రెండు రాత్రులు వెతికాం. చివరికి స్టూడియో అబ్బాయి ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేసి ఫ్రేము కట్టి ఇచ్చాడు.

ఈ అవస్థ మా ఒక్క ఇంటిదే కాదు. గూగుల్ ఫొటోస్ 2015లో వచ్చింది. 2021 జూన్ 1 దాకా, కాస్త కుదించిన ఫొటోల్ని ఎన్నయినా ఉచితంగా దాచింది. ఆ రోజు నుంచి ఎక్కించే కొత్తవన్నీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీ వాటాలో లెక్కకొస్తున్నాయి. ఫొటో ఒక్కటి 3 ఎంబీ అనుకుంటే 15 జీబీలో పట్టేవి 5 వేలు. ఆ వాటా నిండిపోయిన ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఒకటే ప్రశ్న: ఫొటోలు సర్దుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? పేర్లకి కొదవ లేదు. గూగుల్ ఫొటోస్, ఆపిల్ ఫొటోస్, అడోబీ లైట్‌రూమ్, డబ్బు కట్టనక్కర్లేని డిజికామ్, సొంత సర్వరు మీద నడుపుకునే ఇమిచ్. పైకి కనిపించే తేడాలు చాలా ఉన్నా నా దృష్టిలో అసలు తేడా ఒక్కటే. ఫొటో గురించి మనం చెప్పిన మాటని అది ఎక్కడ రాసిపెడుతుంది?

## ఫొటో ఫైల్లో బొమ్మతో పాటు ఏముంటుంది

ఫోనుతో ఫొటో తీసిన క్షణంలోనే బొమ్మతో పాటు కొన్ని వివరాలు అదే ఫైల్లోకి చేరిపోతాయి. తీసిన తేదీ, సమయం, ఏ ఫోను, లెన్సు వివరాలు, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు. బొమ్మ గురించిన ఈ సమాచారాన్నే మెటాడేటా అంటారు. కెమెరా తనంతట తాను రాసే భాగం పేరు ఎగ్జిఫ్. జపాను కెమెరా పరిశ్రమ 1995లో తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ అన్ని ఫోన్లూ అదే వాడుతున్నాయి.

మనుషులు రాసే భాగం వేరు. ఫొటోలో ఎవరున్నారు, ఏ సందర్భం, ఏ ఊరు అన్నవి కెమెరాకి తెలియవు. పత్రికల వాళ్లు వార్తా చిత్రాల కింద రాసే వివరాల కోసం ఐపీటీసీ అనే పద్ధతి తెచ్చుకున్నారు. 2001లో అడోబీ ఎక్స్‌ఎంపీ తెచ్చింది. ఇప్పుడు అదే అంతర్జాతీయ ప్రమాణం. మనం ట్యాగు అని పిలిచే మాటలు, క్యాప్షన్లు, నక్షత్రాలు చాలావరకు ఈ ఎక్స్‌ఎంపీ రూపంలోనే నిలుస్తాయి. నిలిస్తే.

## చెప్పిన మాట దాగే మూడు చోట్లు

గోపాల్‌పూర్ బీచిలో దొడ్డమ్మ, ఆమె మనవరాలు ఉన్న ఫొటో ఒకటి తీసుకుందాం. ఆ రోజు మనవరాలి పుట్టినరోజు. ఈ నాలుగు సంగతులూ (ఊరు, ఇద్దరు మనుషులు, సందర్భం) రాసిపెట్టడానికి మూడు చోట్లున్నాయి.

మొదటిది ఫోల్డరు పేరు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, 20 ఏళ్ల తర్వాత ఏ కంప్యూటర్లో తెరిచినా పేరు కనిపిస్తుంది. చిక్కేమిటంటే ఒక ఫైలు ఒక ఫోల్డర్లోనే ఉంటుంది. ఈ ఫొటోని "గోపాల్‌పూర్"లో పెడితే "పుట్టినరోజులు"లో కనబడదు. అందుకని జనం రెండో ఫోల్డర్లోకి ఒక కాపీ వేస్తారు, మూడో దాంట్లోకి ఇంకొకటి. మా ఎర్ర డిస్కు అలాగే నిండింది.

రెండోది ఫైలు లోపల, ఎక్స్‌ఎంపీలో. ఒకే ఫైలు, దాని మీద నాలుగు ట్యాగులు. ఏ మాటతో వెతికినా దొరుకుతుంది. ఫైలు ఎక్కడికి వెళ్తే మాటలూ దానితో వెళ్తాయి. అయితే పెద్ద కెమెరాలు ఏ దిద్దుబాటూ లేకుండా పచ్చిగా దాచే "రా" (raw) ఫైళ్లలోకి రాయడానికి సాఫ్ట్‌వేర్లు జంకుతాయి. అలాంటప్పుడు ఫొటో పక్కనే అదే పేరుతో ఒక చిన్న ఫైలు పెట్టి అందులో రాస్తాయి. దాన్ని సైడ్‌కార్ ఫైలు అంటారు. ఫొటోని వేరే చోటికి మార్చేటప్పుడు పక్కనున్న ఈ చిన్న ఫైలుని వదిలేస్తే మాటలు అక్కడే ఉండిపోతాయి.

మూడోది సాఫ్ట్‌వేర్ సొంత ఖాతా పుస్తకం. కేటలాగు అనీ డేటాబేస్ అనీ అంటారు. కిరాణా కొట్టులో సరుకు అలమరల్లోనే ఉండి, ఎక్కడేముందో షావుకారు పుస్తకంలో ఉన్నట్టు, ఫొటోలు డిస్కులో ఉంటాయి, వివరాలు కేటలాగులో ఉంటాయి. ఈ పద్ధతికి వేగం ఎక్కువ. 40 వేల ఫైళ్లని ఒక్కొక్కటీ తెరిచి చూడకుండా రెప్పపాటులో జవాబిస్తుంది. ఆల్బములు ఎన్ని చేసినా కొత్త కాపీలు పుట్టవు, ఆల్బమంటే పుస్తకంలో ఒక వరస మాత్రమే. వెలుగు పెంచినా అంచులు కత్తిరించినా అసలు ఫొటో చెక్కుచెదరదు, "ఇలా దిద్దాలి" అన్న సూచన మాత్రం పుస్తకంలో చేరుతుంది.

పుస్తకం పోతే? లేదా పుస్తకం రాసేవాళ్లే కొట్టు కట్టేస్తే? గూగుల్ 2004లో కొన్న పికాసాని 2016లో ఆపేసింది. అందులో చేసిన దిద్దుబాట్లు ఫోల్డర్లలో దాగి ఉండే చిన్న ఫైళ్లలో ఉండేవి, వేరే సాఫ్ట్‌వేర్లు వాటిని సాధారణంగా చదవవు. లైట్‌రూమ్ క్లాసిక్ మామూలుగా అన్నీ కేటలాగులోనే ఉంచుతుంది, ఫైల్లోకి కూడా రాయమంటే వేరే సెట్టింగు పెట్టాలి. డిజికామ్‌లో కూడా ట్యాగుల్ని ఫైళ్లలోకి రాసే సెట్టింగు ఉంది. గూగుల్ ఫొటోస్ నుంచి అన్నీ ఒకేసారి దింపుకుంటే, మనం రాసిన వివరణలూ సరిదిద్దిన తేదీలూ ఫొటోల్లో కాకుండా పక్కన జేసన్ అనే వేరే ఫైళ్లలో వస్తాయి. వాటిని మళ్లీ ఫొటోల్లోకి ఎక్కించడం వేరే పని.

మా పెద్దన్నయ్య ఇంకో రకంగా దెబ్బతిన్నాడు. ఫొటోలన్నీ కేటలాగులో చక్కగా ట్యాగు చేశాడు. తర్వాత సాఫ్ట్‌వేర్ తెరవకుండా మామూలుగా ఫోల్డర్లని లాగి కొత్త డిస్కులో వేశాడు. పుస్తకంలో పాత చిరునామాలు, సరుకేమో కొత్త గదిలో. తెరిచేసరికి వేలకి వేలు "ఫైలు లేదు" అని వచ్చాయి. ఫొటో ఒక్కటీ పోలేదు, చిరునామాలు తెగిపోయాయి, అంతే. తిరిగి కలపడానికి ఒక ఆదివారమంతా పట్టింది.

ఫోల్డర్లని నమ్మేవాళ్లు చెప్పేది నిజమే, సాఫ్ట్‌వేర్లు వస్తాయి పోతాయి, ఫోల్డరు ఉంటుంది. కేటలాగుని నమ్మేవాళ్లు చెప్పేదీ నిజమే, 40 వేల ఫొటోల్ని ఫోల్డరు పేర్లతో వెతకడం కుదిరే పని కాదు. ఈ రెండూ తగాదా పడే సంగతులని నాకనిపించదు. వెతకడానికి కేటలాగు, నిలవడానికి ఫైలు లోపలి రాత. రెండూ ఒకేసారి చేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. చేస్తుందో లేదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష చాలు: ఒక ఫొటోకి ట్యాగు పెట్టి, దాన్ని వేరే కంప్యూటర్లో వేరే సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే ఆ మాట అక్కడ కనబడాలి.

## అర్ధరాత్రి ముహూర్తం, రెండు ముక్కలైన పెళ్లి

చాలా సాఫ్ట్‌వేర్లు ఫొటోల్ని తేదీల వారీగా పేరుస్తాయి. మన పెళ్లిళ్ల దగ్గర అది తడబడుతుంది. ముహూర్తం రాత్రి 1:42కి అనుకోండి. స్నాతకం, ఎదురుకోలు, గౌరీపూజ 11వ తేదీన పడతాయి. జీలకర్రా బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు 12వ తేదీలో పడతాయి. మన లెక్కలో సూర్యోదయం దాకా అది ఒకే రోజు. సాఫ్ట్‌వేర్ లెక్కలో అర్ధరాత్రి 12కి రోజు మారిపోయింది. అందుకే తేదీ ఫోల్డర్లు చాలనుకునేవాళ్లు కూడా పెళ్లికి వచ్చేసరికి "సందర్భం" అనే ఆల్బమో ట్యాగో పెట్టుకోక తప్పదు.

దీనికంటే పెద్ద చిక్కు తప్పు తేదీ. కెమెరా బ్యాటరీ పూర్తిగా దిగిపోయి మళ్లీ పెట్టినప్పుడు గడియారం మొదటికి వెళ్తుంది. మా ఇంట్లో 2014 పెళ్లికి వాడిన కెమెరా అలాగే 2009 జనవరి 1 చూపిస్తోందని చాలా ఆలస్యంగా తెలిసింది. అదృష్టం కొద్దీ అదే క్షణాన్ని ఒకరు ఫోనుతోనూ తీశారు. కెమెరా ఫొటోలో 2009 జనవరి 1 ఉదయం 4:20, ఫోను ఫొటోలో 2014 మే 11 రాత్రి 8:50. తేడా 1956 రోజుల 16 గంటల 30 నిమిషాలు. కెమెరా నడిచినంతసేపూ ఈ తేడా మారదు. కాబట్టి ఆ కెమెరాలోని ఫొటోలన్నిటికీ ఒకేసారి అంత కలిపితే చాలు. లైట్‌రూమ్, డిజికామ్ లాంటివి ఈ పని చేస్తాయి. కలిపాం. "2009"లో ఎవరూ వెతకని ఆ గుంపులోనే ఉంది మగ్గం పక్కన దొడ్డమ్మ ఫొటో. పెళ్లికూతురి చీర నేసిన మగ్గం అది. కర్మ అయిపోయిన ఏడు నెలలకి దొరికింది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల సంగతి వేరు. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, తీసిన తేదీనీ లొకేషన్నీ తీసేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో ఫైలు పేరులో ఉండే తేదీ అది మన ఫోనుకి చేరిన తేదీ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. కూలిన చెట్ల ఫొటోల్ని ఎవరో 2018 అక్టోబరులో, తిత్లీ వచ్చినప్పుడు, "అప్పుడు ఇలా ఉండేది" అని మళ్లీ పంపారు. మా పిల్లల ఫోన్లలో అవన్నీ తిత్లీ ఫొటోలుగా చేరిపోయాయి. డాక్యుమెంటుగా పంపిన ఫొటో మాత్రం ఉన్నదున్నట్టు, వివరాలతో సహా చేరుతుంది.

పాత ప్రింట్లని స్కాన్ చేస్తే వాటికి స్కాన్ చేసిన రోజే తేదీ అవుతుంది. తాతయ్య ఫొటో నిన్నటిదిగా పైకి తేలుతుంది. ఏ రోజో తెలియక, ఏడు మాత్రం తెలిస్తే ఏం రాయాలి? ఎక్స్‌ఎంపీ ఒట్టి సంవత్సరాన్ని కూడా తేదీగా ఒప్పుకుంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు మాత్రం నెలా రోజూ అడుగుతాయి. అలాంటి చోట జనవరి 1 వేసి, "తేదీ ఉజ్జాయింపు" అని ఒక ట్యాగు తగిలించడం పాతకాలపు ఫొటోలు చూసేవాళ్లలో ఉన్న వాడుక. ఆ ట్యాగు లేకపోతే రేపు మనవలు తాతయ్య జనవరి 1నే అన్ని ఫొటోలూ దిగాడనుకుంటారు.

## ఒక ఊరు, మూడు పేర్లు, రెండు లిపులు

ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఉండేవాళ్లకి ఫొటోల సమస్య సగం పేర్ల సమస్యే. మనం బరంపురం అంటాం. సర్కారీ కాయితాల్లో బ్రహ్మపుర్. పాత ఇంగ్లీషు రాతలో బెర్హంపూర్. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం కూడా ఇంగ్లీషులో దాదాపు అదే పేరుతో పిలవబడుతుంది. కోరాపుట్ జిల్లా జయపురాన్ని ఇంగ్లీషులో ఎలా రాసినా, నోటితో అనేటప్పుడు రాజస్థాన్ జైపూరుకీ దానికీ తేడా వినిపించదు. పర్లాకిమిడి మనకి గిడుగు రామమూర్తి పంతులుగారి ఊరు, మ్యాపులో పరలాఖెముండి.

ఫొటోలో అక్షాంశ రేఖాంశాలుంటే సాఫ్ట్‌వేర్ పొరబడదు. ఆ అంకెల్ని మ్యాపులో చూసి ఊరి పేరు తెచ్చుకుంటుంది. కానీ అది తెచ్చేది మ్యాపులోని పేరు. మనం "బరంపురం" అని వెతికితే, "బ్రహ్మపుర్" అని ఉన్న ఫొటోలు రాకపోవచ్చు. అంకెలు లేని పాత ఫొటోలకైతే మనం కొట్టిన మాటే దిక్కు. ఒకరు బరంపురం, ఇంకొకరు బరంపూర్ అని ట్యాగు పెడితే సాఫ్ట్‌వేరుకి అవి రెండు ఊర్లు.

దీనిలో తెలుగు లిపికే సొంతమైన ఒక మెలిక ఉంది. "గోపాల్‌పూర్" అని రాయాలంటే ల్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం కొట్టాలి. కొట్టకపోతే ప కిందికి జారి "గోపాల్పూర్" అవుతుంది. కొన్ని కీబోర్డులు ఆ అక్షరాన్ని వాటంతట అవే వేస్తాయి, కొన్ని వెయ్యవు. చదివేవాడికి ఊరొకటే. యంత్రానికి రెండు వేరు వేరు మాటలు కావచ్చు, వెతికితే సగం ఫొటోలే రావచ్చు.

ఇక లిపి. బరంపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బళ్లో ఒడియా చదువుకున్నవాళ్లు ఎందరో. మా పెద్దన్నయ్యకి తెలుగు రాయడం అంతగా రాదు. విశాఖలో పెరిగిన పిల్లలకి ఒడియా అక్షరం తెలీదు. ఏ లిపిలో ట్యాగు పెట్టినా ఇంట్లో ఎవరో ఒకరికి ఆ తలుపు మూసినట్టే. దీనికి సాఫ్ట్‌వేర్లలో ఉన్న మందు పర్యాయపదాలు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఒక ట్యాగుకి మారుపేర్లు తగిలించవచ్చు. బరంపురం అనే ట్యాగుకి బ్రహ్మపుర్, బెర్హంపూర్, ఒడియా లిపిలోని పేరు చేర్చుకుంటే ఫొటో మీద ట్యాగు ఒకటే, వెతకడానికి దారులు నాలుగు. ఆ సౌకర్యం లేని చోట క్యాప్షన్లోనే మూడు పేర్లూ వరసగా రాసేవాళ్లున్నారు. చూడటానికి అందంగా ఉండదు, పని మాత్రం జరుగుతుంది.

మనుషుల పేర్లదీ ఇదే గొడవ. పిల్లలు "నాన్నమ్మ" అని ట్యాగు పెడతారు, అదే మనిషి కూతురి పిల్లలకి "అమ్మమ్మ". తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో జగన్నాథం అనే ట్యాగు కింద ఇద్దరు జగన్నాథాలు కలిసిపోతారు. వంశవృక్షాలు రాసేవాళ్లు పేరు పక్కన పుట్టిన ఏడు వేస్తారు. ఫొటోలకీ అంతకంటే తేలికైన ఉపాయం నాకు కనబడలేదు.

## ముఖం గుర్తుపట్టడం: పులివేషం ముందు తెల్లబోయే యంత్రం

సాఫ్ట్‌వేర్ ముఖాన్ని మనలా చూడదు. ముందు బొమ్మలో ముఖం ఎక్కడుందో కనిపెడుతుంది. తర్వాత ఆ ముఖాన్ని ఒక అంకెల వరసగా మారుస్తుంది. అంకెలు దగ్గర దగ్గరగా ఉన్న ముఖాల్ని ఒక గుంపు చేసి "వీరెవరు?" అని అడుగుతుంది. మనం ఒక్కసారి పేరు చెబితే గుంపంతటికీ పేరు పడుతుంది. 40 వేల ఫొటోల దగ్గర ఇది తప్పించే శ్రమ మామూలుది కాదు.

పసిబిడ్డ ముఖానికీ పదేళ్ల ముఖానికీ అంకెలు దూరమైపోతాయి, ఒకే పిల్ల రెండు గుంపులవుతుంది. అక్కచెల్లెళ్లు ఒకే గుంపులో పడతారు. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. దేశిబెహెరా వీధిలో, అంటే పుట్టింట్లో, అమ్మవారు ఉన్నన్నాళ్లూ మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టి తిరుగుతారు. ముఖమంతా రంగు పూసుకుని పులివేషం కట్టిన మేనల్లుణ్ణి యంత్రం గుర్తుపట్టదు. కొన్నిసార్లు అక్కడ ముఖం ఉందనే అనుకోదు. ఆ ఫొటోలకి చేత్తో పేరు రాయడమొక్కటే దారి. వేషం కట్టించిన తల్లికి తప్ప ఆ పులి ఎవరో ఎవరికీ తెలియదు కనుక రాయాల్సింది వెంటనే.

అంకెల వరస ఎక్కడ తయారవుతుంది అన్నది వేరే ప్రశ్న. డిజికామ్‌లో, సొంత సర్వరు మీద నడిచే ఇమిచ్‌లో అది మన యంత్రం దాటి బయటికి పోదు. క్లౌడ్ సేవలో ఫొటోలతో పాటు ఆ పనీ కంపెనీ సర్వర్ల మీద జరగవచ్చు. కొందరికి ఇది పట్టదు, ఫలితం బాగుంటే చాలు. ఇంకొందరు పిల్లల ముఖాల విషయంలో ఒప్పుకోరు. గుర్తుపట్టే సౌకర్యాన్ని ఆపేసుకునే సెట్టింగు చాలా సేవల్లో ఉంది.

## ఒకే ఫొటో రెండుసార్లు, ఒకేలాంటి ఫొటోలు

ఈ రెండూ వేరు. అచ్చంగా ఒకే ఫైలు రెండు చోట్ల ఉంటే సాఫ్ట్‌వేర్ ఫైలంతటికీ వేలిముద్ర లాంటి ఒక సంఖ్య లెక్కగట్టి పోలుస్తుంది. ముద్రలు కలిస్తే ఒకటి తీసేసినా నష్టం లేదు. వాట్సాప్‌లో కుదించి వచ్చిన కాపీకి ఆ ముద్ర కలవదు. దాన్ని పట్టుకోవాలంటే బొమ్మ పోలికల్నే చూడాలి, అది ఉజ్జాయింపు పని. మంగళసూత్రం కట్టే వేళ వరసగా తీసిన 8 ఫొటోలూ దానికి "ఒకేలాంటివి"గానే కనబడతాయి. అందులో ఒక్క దాంట్లోనే పెళ్లికూతురి కళ్లు తెరిచి ఉండొచ్చు. ఇక్కడ తీసివేతని యంత్రానికి వదిలేయడం నాకు భయం.

## క్లౌడా, సొంత డిస్కా

మా 40 వేల ఫొటోలు ఒక్కొక్కటి 3.5 ఎంబీ లెక్కన 140 జీబీ. ఒక చిన్న డిస్కులో హాయిగా పడతాయి, డబ్బు ఒకసారి పెడితే చాలు. క్లౌడ్‌లో పెడితే కట్టాల్సింది నెలనెలా, లేదా ఏడాదికోసారి. కట్టడం ఆగితే కొత్తవి చేరవు. మరి క్లౌడ్ ఎందుకు? ఫైలిన్ రాత్రి ఈ తీరంలో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు ఆల్బములు నానిపోయిన కుటుంబాలు ఈ ప్రశ్న అడగవు. డిస్కు కూడా తడుస్తుంది, కింద పడుతుంది, ఒకరోజు తిరగడం మానేస్తుంది.

అయితే ఫోనుకీ క్లౌడుకీ జరిగే సింక్‌ని బ్యాకప్ అనుకోకూడదు. ఫోనులో పొరపాటున తీసేస్తే అక్కడా పోతుంది. చెత్తబుట్టలో కొన్నాళ్లుంటుందంతే. ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే లెక్క ఇక్కడ పనికొస్తుంది: 3 కాపీలు, 2 రకాల సాధనాల మీద, వాటిలో 1 వేరే చోట. మా ఇంటికి ఆ వేరే చోటు విశాఖలో చెల్లెలి ఇల్లు. ఏడాదికి రెండుసార్లు డిస్కు రైలెక్కి వెళ్లొస్తుంది. కేటలాగు కాపీని కూడా ఆ డిస్కులో వేస్తాం, పుస్తకం లేని కొట్టు అవకుండా.

ఇప్పుడు మిగిలింది ప్రింట్ల పెట్టె. 200 పైన పాత నలుపు తెలుపు ఫొటోలు. చాలావాటి వెనక దొడ్డమ్మ పెన్సిలుతో ఏదో రాసింది. మాట తెలుగు, అక్షరం ఒడియా. ముందువైపు మాత్రమే స్కాన్ చేసి ఇస్తానన్నాడు కొట్టు అబ్బాయి. వెనకవైపు కూడా చేయించి, రెంటినీ ఒకే గుంపుగా కలిపి, ఆ రాతని రెండు లిపుల్లోనూ క్యాప్షన్లో ఎక్కిస్తున్నాం. పెన్సిలు చెరిగిన చోట్ల అమ్మ చదివి చెబుతోంది, నేను కొడుతున్నాను. నిన్నటికి 61 అయ్యాయి.